ఇద్దరి కాఫీ

ఆ వేసవంతా నేను ఇద్దరి కాఫీ తాగాను. ఒకటి నాది, ఒకటి మా అమ్మాయిది.

సముద్రం దాటి వలసొచ్చిన మా వాళ్ళతో నిండిన హయలియా ఊళ్ళో కాఫీ కప్పు బొటనవేలంతే ఉంటుంది. చూసి మోసపోకూడదు. మొదట దిగిన నాలుగు చుక్కలతో చక్కెరని నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, దాని మీద మిగతా కాఫీ వంపి ఇస్తారు. ఒకటి తాగితే మనిషి లేచి కూర్చుంటాడు. వీధి పొడుగునా ఇంటికి రెండేసి తాగితే, సాయంత్రానికి చేతిలోని కరపత్రం దానంతటదే రెపరెపలాడుతుంది. గాలి కూడా అక్కర్లేదు.

మా యమిలే ఆ ఏడాది రాష్ట్ర శాసనసభకి పోటీ చేసింది. మా వైపు అసలు పోటీ ఆగస్టులోనే, సొంత పార్టీ లోపలే తేలిపోతుంది. నవంబరులో జరిగేది పేరుకే. అందుకని జూన్ చివరి నుంచే, మామిడిపళ్ళు రాలి కార్ల టాపుల మీద పగిలే ఎండల్లో, ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాం. అల్లుడు రెయినియేర్ బస్సు డిపోలో మెకానిక్కు. పగలంతా పని. నా భార్య నెరెయిదా పోయాక నాకు మధ్యాహ్నాలు మరీ పొడుగ్గా ఉండేవి. అందుకని అమ్మాయి వెంట తిరగమని నన్నెవరూ బతిమాలనక్కర్లేకపోయింది. పైగా నేను వెంట ఉంటే తలుపులు తెరుచుకునేవి. ఈ ఊళ్ళో సగం మంది నా దగ్గర కెమిస్ట్రీ తప్పారు. మిగతా సగం నా జాలితో గట్టెక్కారు. రెండు రకాల వాళ్ళూ ఎదురొచ్చి "మాస్టారూ!" అనేవారు.

మొదట చక్రాల ఇళ్ళ కాలనీకి వెళ్ళాం. పేరుకే చక్రాలు. ఆ రేకుల ఇళ్ళు కదిలి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇళ్ళు వాళ్ళవి, కింద నేల వేరేవాళ్ళది. ఆ నేలని అమ్మకానికి పెట్టారని ఆ వసంతంలోనే తెలిసింది. యమిలే నిలబడిందే దానికోసం. ఏళ్ళ తరబడి బడిలో నర్సుగా చేసి, ఒక దఫా నగర కౌన్సిల్లో కూర్చుంది. అక్కడ ఏం అడిగినా "అది రాష్ట్రం చేతిలో ఉందండీ" అనేవారు. "అయితే రాష్ట్రం దగ్గరికే వెళ్తాను" అంది.

ఆమె అడిగేవి రెండే. నేల అమ్మేవాడు ఏడాది ముందు చెప్పి, ఇల్లు కదిలించే ఖర్చు తానే పెట్టుకోవాలి. ప్రతి బడిలో రోజంతా ఒక నర్సు ఉండాలి. కరపత్రంలో ఇంకో పది రాయమని రెయినియేర్ పోరాడు.

"రెండు చాలు. నాకే గుర్తుండనివి వాళ్ళకేం గుర్తుంటాయి?" అంది.

ఆ కాలనీలో మొదటి ఇల్లు నికానోర్ అనే పెద్దాయనది. కరపత్రం చూడకుండానే పొయ్యి వెలిగించాడు.

"నాకొద్దు తాతా. కడుపులో మంటగా ఉంటోంది" అంది యమిలే.

"కాఫీ తాగితే మంటేమిటే? మా అమ్మ తొంభై ఏళ్ళూ తాగింది. మంట ఆవిడ నోట్లోనే ఉండేది, కడుపులో కాదు."

"ఆ కుడికాలు ఈడుస్తున్నావేం? ఏదీ, చూపించు."

ఆమె నేల మీద కూర్చుని ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. మడమ మీద పుండు చూసి, సంచీలోంచి దూదీ మందూ తీసింది. ఆయన కాలు ఇచ్చాడు గానీ, కళ్ళు మాత్రం బల్ల మీద చల్లారిపోతున్న కప్పు మీదే ఉన్నాయి. పోసిన కాఫీ తాగకపోవడమంటే మా వాళ్ళలో, ఇచ్చిన చేతిని తోసెయ్యడమే. ఆయన మొహం చూడలేక నా కప్పు ముగించి, ఆ రెండోదీ అందుకున్నాను.

"మాస్టారూ, మీ అమ్మాయి వోటడగడానికొచ్చిందా, పథ్యం చెప్పడానికొచ్చిందా?" అన్నాడు నికానోర్.

నవ్వుతూనే అన్నాడు. కానీ నవ్వంతా పైపైనే.

కడుపుమంట అని చెప్పడం ఇంకో తలనొప్పి తెచ్చింది. ఆ కబురు మాకంటే ముందు వీధులు తిరిగింది. ఒకావిడ చేమంతి పూల కషాయం కాచి ఉంచింది. ఇంకొకావిడ కలబంద మట్ట నరికి చేతికిచ్చింది. మూడో ఆవిడ "ఏ డాక్టరు దగ్గరికీ పోకు, నేను చెప్పినట్టు విను" అని వరండాలోనే పడుకోబెట్టి పొట్ట నిమరబోయింది. యమిలే ఎలాగో తప్పించుకుంది. ఇన్ని మర్యాదలు జరిగినా, మేం గుమ్మం దిగగానే వెనకాల గుసగుసలు నాకు వినబడుతూనే ఉండేవి. కౌన్సిల్లో కూర్చుని రాగానే పెద్ద మనిషైపోయిందట. మన కాఫీ ఇప్పుడు నాటుగా ఉందట.

ఎదురు నిలబడ్డవాడు లిసాండ్రో పూపో. నా పాత విద్యార్థే. చివరి బెంచీ. ఇళ్ళకి ఇన్సూరెన్స్ చేయించే ఏజెంటు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, తేనె పూసినట్టుండే గొంతు. ఒక ఉదయం నేను మంగలి కుర్చీలో ఉండగా రేడియోలో ఆ గొంతు వినబడింది.

"మిత్రులారా! మన కాఫీయే మింగుడుపడనావిడకి, మన కష్టాలు మింగుడుపడతాయా?"

షాపంతా ఘొల్లుమంది. మా మంగలి కూడా నవ్వి, అద్దంలో నన్ను చూసి కత్తెర ఆపేశాడు.

"క్షమించండి మాస్టారూ. జోకు మాత్రం బావుంది."

బావుంది, నిజమే. అదే భయం. రెండు రోజుల్లో పిల్లలు కూడా దాన్ని పాడుకుంటూ సైకిళ్ళు తొక్కారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేను ఉండబట్టలేకపోయాను.

"ఒక్క గుక్క తాగితే ఏం పోయిందమ్మా? పెదాలు తడుపుకో చాలు. సీటు చేజారేలా ఉంది."

"నువ్వు తాగుతున్నావుగా నాన్నా."

"నేను పోటీ చెయ్యడం లేదుగా."

"చేస్తే నీకే వేసేవాళ్ళు" అంది. నల్లచిక్కుళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుని, మూడోసారి వడ్డించుకుంది.

రెయినియేర్ ఎన్నడూ లేనిది తన కంచం తనే కడిగి, నా కంచమూ కడిగాడు. "వదిలెయ్యండి మామయ్యా. ఎండలు కదా" అన్నాడు. ఎండలకీ కాఫీకీ ఏమిటి సంబంధమో నాకర్థం కాలేదు. నెరెయిదా ఉండి ఉంటే మొదటి రోజే అన్నీ అర్థమయ్యేవి. కెమిస్ట్రీ చదువుకున్నది నేనే గానీ, ఏ గిన్నెలో ఏం మారుతోందో మూత తియ్యకుండా చెప్పగలిగింది ఆవిడే.

జూలైలో మా దగ్గర మధ్యాహ్నం మూడు దాటాక వాన తప్పదు. ఒకరోజు అది వీధి మధ్యలో పట్టుకుంది. కరపత్రాలు చొక్కా లోపల దోపుకుని ఎదురుగా కనబడిన వరండాలోకి పరుగెత్తాం. కళ్ళు తుడుచుకుని చూస్తే, కంచెకి నిలువెత్తు లిసాండ్రో. తడుస్తూ నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో పేరు.

వెనక్కి తిరగబోయేలోపు తలుపు తెరుచుకుంది. లిసాండ్రో వాళ్ళమ్మ ఒబ్దూలియా. జుట్టుకి రంగు వేసుకుంటూ మధ్యలో లేచొచ్చినట్టుంది, తల చుట్టూ ప్లాస్టిక్ సంచీ.

"పోస్టరు మావాడిది. వాన అందరిదీ. లోపలికి రండి" అంది.

"మీకు ఇబ్బంది..." అంది యమిలే.

"ఇబ్బంది నా నెత్తిన ఉంది, చూడు. ఇంకో అరగంట కడగకూడదు. కబుర్లకి మనుషులు లేక చస్తున్నాను. కూర్చో పిల్లా. మాస్టారూ, మీరేం మారలేదు. అప్పుడు మావాడికి నలభై మార్కులిచ్చారు."

"ముప్ఫై ఎనిమిది వచ్చాయి. రెండు నేను కలిపాను."

"అందుకేనేమో, వాడు సైన్సు వైపు పోకుండా ఇన్సూరెన్సులోకి పోయాడు. మంచిదే చేశారు."

కాఫీ వచ్చింది. నా కప్పు ముగించి, ఆవిడ కిటికీ మూయడానికి లేచినప్పుడు అలవాటుగా రెండో కప్పు మీదికి చెయ్యి పోనిచ్చాను.

"ఆ కప్పు పిల్లది" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

"దానికి కడుపులో కాస్త మంట..."

ఒబ్దూలియా తిరిగి యమిలేని చూసింది. యమిలే కాఫీ వాసన తగలకుండా మొహం వాన వైపు పెట్టుకుని, మూతికి రుమాలు అడ్డుపెట్టుకుని ఉంది. చెప్పులు వదిలేసింది. పాదాలు కొద్దిగా పొంగి ఉన్నాయి. ఆవిడ ఆ పాదాలనీ రుమాలునీ చూసి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బా కోస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత గాజుగ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు.

తెచ్చింది మాల్టా. బార్లీ మొలకలతో చేస్తారు. నల్లగా, తియ్యగా ఉంటుంది, మత్తుండదు. దాన్లో తియ్యటి డబ్బాపాలు చిక్కగా కలిపి పొడుగాటి గ్లాసు నిండా పోసింది. అలా కలిపి మా వాళ్ళు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు.

యమిలే ఆ గ్లాసు వైపు చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులా పట్టుకుని, ఎక్కడా ఆపకుండా అడుగుదాకా తాగేసింది. పై పెదవి మీద నురగ మీసం మిగిలింది.

"అడగను. నువ్వూ చెప్పకు. నోటితో అంటే దిష్టి" అంది ఒబ్దూలియా.

నాకు మేం వదిలొచ్చిన దేశంలో, సాంతా క్లారాలోని మా ఒంటిగది ఇల్లు గుర్తొచ్చింది. యమిలే కడుపులో ఉన్నప్పుడు, రేషనులో నాకొచ్చే సిగరెట్లు పక్కింటాయనకిచ్చి, ఆయన వాటా పాలడబ్బాలు తెచ్చేవాణ్ణి. నెరెయిదా మాల్టాలో కలుపుకుని ఇలాగే, రెండు చేతులా పట్టుకుని తాగేది. నేను సిగరెట్టు మానింది అప్పుడే. ఇన్నాళ్ళూ మా అమ్మాయి పక్కనే నడిచి, ఆమె కాఫీ తాగుతూ, ఆమె పాదాల వైపు ఒక్కసారీ చూడలేదు.

వాన తగ్గాక గుమ్మం దాకా వచ్చి ఆవిడ అంది: "వోటు మాత్రం మావాడికే. ముందే చెబుతున్నా, తర్వాత మాటొద్దు."

"అంతకంటే న్యాయం ఏముందండీ" అంది యమిలే.

కారెక్కాక ఏసీ గాలి ఆమె వైపు తిప్పాను.

"ఇదివరకు రెండుసార్లు ముందే అందరికీ చెప్పాం కదా నాన్నా" అంది యమిలే. "తర్వాత ఒక్కొక్కరికీ మళ్ళీ చెప్పాల్సొచ్చింది. లేదని. అది ఇంక నావల్ల కాదు. డాక్టరు ఈ నెలాఖరు దాటనీ అంది. కాఫీ ముట్టొద్దంది."

"రేడియోలో ఈ ఒక్క మాట చెబితే అతని నోరు మూతపడుతుంది."

"బిడ్డని పోస్టరెక్కించను. జాలిపడి వేసే వోటు నాకొద్దు. కానీ ఆవిడ కొడుక్కి చెప్పేస్తే?"

ఒక తల్లి కొడుకు గెలవాలని కోరుకుంటుంది. అతని చేతిలో మాట పడితే అది సాయంత్రానికి రేడియోలో ఉంటుంది. ఆ తర్వాత ఏం జరిగినా, మా అమ్మాయి దాన్ని ఊరందరి ముందూ మొయ్యాలి.

మర్నాడు భయపడుతూనే బయల్దేరాం. మొదటి ఇంట్లో తలుపు తీసిన ముసలావిడ చేతిలో ట్రే ఉంది. నాకో కాఫీ కప్పు. యమిలేకి పొడుగాటి గ్లాసు.

"కడుపుమంటకి మంచిది" అంది, కళ్ళలోకి చూడకుండా.

రెండో ఇంట్లోనూ అదే. మూడో ఇంట్లో పక్కన కాసిన్ని ఉప్పు బిస్కట్లు. వీధి చివర ఒకావిడ కుర్చీ ముందే నీడలో వేసి, కాళ్ళు పెట్టుకోవడానికి ఎదురుగా స్టూలు కూడా పెట్టింది. ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఒక్కరూ పొట్ట వైపు చూడలేదు. అందరూ కడుపుమంట గురించే మాట్లాడారు. అంత శ్రద్ధగా అబద్ధమాడే ఊరిని నేను అంతకుముందు చూడలేదు. నికానోర్ అయితే వాకిట్లోకి ఎదురొచ్చాడు.

"మాల్టా చల్లగా ఉంది తల్లీ. మా రోజుల్లో మంటకి ఇదే మందు."

"మీ రోజుల్లో మంట అమ్మగారి నోట్లో కదా ఉండేది?" అన్నాను.

"మీరు కాఫీ తాగండి మాస్టారూ" అన్నాడు.

నిజం తెలిశాక నా కాఫీ తగ్గాలి. తగ్గలేదు. కొద్ది రోజుల్లోనే ప్రతి గుమ్మంలోనూ మళ్ళీ రెండో కప్పు వచ్చేది. ఆమె మాల్టా తాగుతోందని బయటివాళ్ళకి అనుమానం రాకుండా, ముందు కాఫీ కప్పొకటి ఆమె ఎదుట పెట్టాలట. ఎవరు పెట్టిన నియమమో తెలియదు గానీ అన్ని ఇళ్ళలోనూ ఒకేలా పాటించారు.

కానీ ఇన్ని ఇళ్ళకి తెలిసింది లిసాండ్రో చెవిన పడకుండా ఉంటుందా? మా ముగ్గురికీ అదే దిగులు. నెలాఖరు ఇంకా దాటలేదు.

చర్చి హాల్లో అభ్యర్థులిద్దరి మధ్య చర్చ పెట్టారు. పాదిరీ మధ్యలో, వాళ్ళు చెరో పక్క. హాలు కిటకిటలాడింది. వెనక వరసల్లో చక్రాల ఇళ్ళవాళ్ళు, ముందు వరసలో ముసలమ్మలు విసనకర్రలతో. వాళ్ళ నడుమ కొత్తగా రంగేసిన జుట్టుతో ఒబ్దూలియా. మొదలయ్యే ముందు, ఎవరి మంచి బుద్ధికి తోచిందో, వేదిక మీదికి కాఫీ ట్రే వచ్చింది. యమిలే ముందు ఒక కప్పు, లిసాండ్రో ముందు ఒకటి.

ముందు వరసలో విసనకర్రలు ఆగిపోయాయి. నేను ఐదో వరసలో ఉన్నాను. అన్నాళ్ళలో మొదటిసారి ఆమె కప్పుకి నా చెయ్యి అందలేదు.

వెనకనుంచి లిసాండ్రో మనిషొకడు "మింగుడుపడుతుందా?" అని అరిచాడు. కొందరు నవ్వారు. యమిలే కప్పు వైపు చూసింది. మొహంలో రంగు లేదు. లిసాండ్రో మైకు దగ్గరికి లాక్కున్నాడు. తన కాఫీ ఒక్క గుక్కలో తాగాడు. తర్వాత చెయ్యి చాచి, ఆమె ముందున్న కప్పు తీసుకుని, అదీ తాగేశాడు.

"క్షమించండి. పొద్దున్నుంచి గొంతు ఎండిపోయింది" అన్నాడు. "ఇక ఇళ్ళ ఇన్సూరెన్సు సంగతికొద్దాం."

అంతే. మళ్ళీ కాఫీ మాటెత్తలేదు. ఇన్సూరెన్సు మీద మాత్రం మా అమ్మాయిని గుక్కతిప్పుకోనివ్వలేదు. తుఫాను వచ్చిన ప్రతి ఏడూ ప్రీమియం పెరుగుతుంటే ఇల్లు నిలుపుకునేదెలా, నీ రెండు అంశాల్లో ఇది ఏదీ అని నిలదీశాడు. చెప్పింది నిజమే. యమిలే కూడా తగ్గలేదు. కింద నేలే లేనివాడికి పైకప్పు ఇన్సూరెన్సు దేనికని అడిగింది. వెనక వరసలు బల్లలు చరిచాయి. ముందు వరసలో విసనకర్రలు మాత్రం ఇద్దరికీ సమానంగా ఊగాయి.

అంతకుముందు లెక్క చూసుకుంటే, ఆ కాఫీ జోకొక్కటే అతన్ని గెలిపించేలా ఉంది. దాన్ని అతనే తాగేశాడు.

ఎన్నిక రోజుకి నెలాఖరు దాటిపోయింది. డాక్టరు నవ్విందట. ఆ సాయంత్రం ఇంకా వెలుతురుండగానే లెక్కలు వచ్చాయి. కొద్ది తేడాతో యమిలే గెలిచింది. మా పెరట్లో పంది మాంసం కాలుతోంది. రెయినియేర్ బొగ్గుల దగ్గర ఏడుస్తూ, పొగ అని చెబుతున్నాడు. నికానోర్ బాగైన కాలితో రెండు అడుగులు నాట్యం కూడా చేశాడు. అప్పుడు గేటు చప్పుడైంది.

ముందు ఒబ్దూలియా, చేతిలో కాఫీ ఫ్లాస్కు. వెనక లిసాండ్రో, భుజం మీద అట్టపెట్టె. మొదటిసారి అతని చొక్కా నలిగి ఉంది.

"వోటు మావాడికే వేశాను" అంది ఆవిడ యమిలేని పట్టుకుని. "మాట మాటే. ఇప్పుడు కూర్చో, కాళ్ళు పైకి పెట్టు."

లిసాండ్రో పెట్టె దింపాడు. నిండా మాల్టా సీసాలు.

"అభినందనలు. ఇన్సూరెన్సు సంగతి మర్చిపోతే ఊరుకోను" అన్నాడు.

"మర్చిపోను. కాగితాలు పట్టుకుని నువ్వే రావాలి. నాకు అందులో ఓనమాలు రావు" అంది యమిలే.

అతను తలూపి నా వైపు వచ్చాడు. చర్చ రోజు సంగతి ఎలా అడగాలో తెలియక నేను మొహమాటపడుతుంటే, ఫ్లాస్కు మూత తీస్తూ తనే అన్నాడు.

"మీరు వానలో మా ఇంటికొచ్చిన రోజే అమ్మ చెప్పేసింది మాస్టారూ. చెప్పి, ఏసు పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది."

"ఒట్టు నోరు విప్పనని కదా? కాఫీ తాగమని కాదుగా."

"మా ఆవిడకి కూడా ఒకసారి కడుపు పోయింది" అన్నాడు మెల్లిగా.

తర్వాత చివరి బెంచీ నవ్వు నవ్వి, రెండు కప్పులు నింపాడు. ఒకటి తను ఉంచుకుంటాడనుకున్నాను. రెండూ నా ముందే పెట్టాడు.

"ఆ రోజు నా వంతు అయిపోయింది. ఇక మీరే."

ఎవరి ఇంట్లోనూ కప్పు మిగల్చని మనిషిని. రెండూ తాగాను.